బంతి లేని చోట దెబ్బ: ఆరు ఫొటోలున్నా జానీ బ్రైట్‌కు న్యాయం ఎందుకు జరగలేదు?

ఓ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో వరుసగా తీసిన ఆరు ఫొటోలవి. జానీ బ్రైట్ బంతిని తోటి ఆటగాడు జీన్ మకోంబర్‌కు అందించేశాడు. మకోంబర్ దాన్ని పొదువుకుని పరుగు అందుకున్నాడు. తన పని అయిపోయినట్టు బ్రైట్ వెనకే ఆగి, ఆట ఎటు పోతోందో చూస్తున్నాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి. అవతలి జట్టులో టాకిల్‌గా, అంటే ముందు వరుసలో అడ్డుకునేవాడిగా ఆడే విల్‌బ్యాంక్స్ స్మిత్ బంతి పోయిన వైపు వెళ్లలేదు. నేరుగా బ్రైట్ మీదికి వచ్చి ముంజేతితో దవడ పగలగొట్టాడు.

అది 1951 అక్టోబరు 20, శనివారం. ఓక్లహోమా రాష్ట్రంలోని స్టిల్‌వాటర్ ఊరు, లూయిస్ ఫీల్డ్ మైదానం. ఆడుతున్నది అయోవా రాష్ట్రం నుంచి వచ్చిన డ్రేక్ యూనివర్సిటీ, స్థానిక ఓక్లహోమా ఎ అండ్ ఎం కాలేజీ. ఎమ్మెస్ చదవడానికి మన పిల్లలు వెళ్లే ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ ఇదే. 1957లో పేరు మారింది.

బ్రైట్‌ను తలుచుకున్నప్పుడల్లా దెబ్బ తిని మళ్లీ లేచిన వీరుడిగానే చెబుతారు. లేచిన మాట నిజమే. కానీ ఈ కేసులో తరచి చూడాల్సింది వేరే ఉంది. ఇంత స్పష్టమైన సాక్ష్యం దొరికాక కూడా ఒక్కరికీ శిక్ష పడలేదు. ఎవరి చేతిలో ఏ అధికారం ఉంది, దాన్ని ఎవరు ఎలా పక్కకు తోశారు అన్నది వరుసగా చూస్తే తప్ప ఇది అర్థం కాదు.

ముందు ఆట సంగతి. క్రికెట్ అలవాటైన కళ్లకు అమెరికన్ ఫుట్‌బాల్ ఓ తొక్కిసలాటలా కనిపిస్తుంది గానీ, దాని లెక్క దానికుంది. నాలుగు ప్రయత్నాల్లో పది యార్డులు ముందుకు జరగాలి. ప్రతి ప్రయత్నమూ కొన్ని సెకన్ల వ్యవహారం. బంతి ఉన్నవాణ్ని పట్టి పడేయొచ్చు, అతనికి దారి చేస్తున్నవాణ్ని నెట్టుకుంటూ పోవచ్చు. బంతి వదిలేసి, ఆటకు దూరంగా నిలబడినవాణ్ని ముఖం మీద కొట్టడం మాత్రం ఆనాడూ తప్పే. చిక్కెక్కడంటే రిఫరీల కళ్లు బంతి వెంటే పోతాయి. బంతి కుడికి పోతే ఎడమ పక్కన రెండు మూడు సెకన్ల పాటు చూసేవాడుండడు. కొట్టదలచుకున్నవాడికి ఆ మాత్రం సందు చాలు.

బ్రైట్ 1930లో ఇండియానా రాష్ట్రం ఫోర్ట్ వేన్‌లో పుట్టాడు. డ్రేక్‌లో చేరింది అథ్లెటిక్స్ స్కాలర్‌షిప్ మీద. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ కూడా ఆడే వీలు అందులోనే దక్కింది. 1949లో పరుగుతో 975, పాస్‌లతో (తోటివాడికి బంతి విసిరి) మరో 975, మొత్తం 1,950 యార్డులతో దేశంలోనే మొదటి స్థానం. మరుసటి ఏడాది పరుగుతో 1,232, పాస్‌లతో 1,168. మొత్తం 2,400, అప్పటికి జాతీయ రికార్డు. ఒకే మనిషి పరుగులోనూ పాస్‌లోనూ ఇలా సరిసమానంగా రాణించడం అరుదు. డ్రేక్ ఆట మొత్తం ఆయన చుట్టూనే తిరిగేదని దీన్నిబట్టే తెలుస్తుంది. స్టిల్‌వాటర్‌కు వచ్చేనాటికి జట్టు ఆడిన అయిదూ గెలిచింది. ఆ అయిదు మ్యాచ్‌ల్లోనే ఆయన పరుగు 821 యార్డులు, మొత్తం 1,349. ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీకి పోటీదారుల్లో ఒకడు. ఇలాంటివాణ్ని మైదానం బయటికి పంపితే డ్రేక్ సగం ఓడినట్టే. పైగా ఆయన నల్లజాతివాడు. ఆయన్ను గురి పెట్టడానికి ఈ రెండు కారణాలూ ఒకదానికొకటి తోడై ఉండాలి. తర్వాత సమర్థించుకునేటప్పుడు మాత్రం మొదటి కారణమే పైకి వచ్చింది.

ఆయనకు ముందు తరంలో నల్లజాతి ఆటగాణ్ని తప్పించడానికి అవతలి జట్టు ఇంత కష్టపడాల్సిన పనే ఉండేది కాదు. దక్షిణాది జట్లతో ఆడాల్సి వస్తే ఉత్తరాది కాలేజీలు తమ నల్లజాతి ఆటగాణ్ని తామే బెంచీ మీద కూర్చోబెట్టేవి. దాన్ని ‘పెద్దమనుషుల ఒప్పందం’ అనేవారు. ఆ మాట వింటే మనకు 1956 నాటి ఆంధ్ర-తెలంగాణ ఒప్పందం గుర్తొస్తుంది. అదైనా సంతకాలతో కాగితం మీద ఉంది, అమలు కాలేదని నిలదీయడానికి వీలుంది. వీళ్లది నోటిమాట. 1934లో, సరిగ్గా అక్టోబరు 20నే, జార్జియా టెక్ జట్టు అభ్యంతరం చెప్పిందని మిషిగన్ తన విల్లిస్ వార్డ్‌ను ఆడించలేదు. బదులుగా జార్జియా టెక్ కూడా తన ఆటగాణ్ని ఒకణ్ని కూర్చోబెట్టింది. త్రాసు సరిపోయిందన్నమాట! మిషిగన్ 9-2తో గెలిచింది. ఆ సీజన్ మొత్తానికి దానికి దక్కిన గెలుపు అదొక్కటే. ఆనాడు ఆ జట్టులో ఆడిన వార్డ్ స్నేహితుడు జెరాల్డ్ ఫోర్డ్ తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు.

ఇంకో కేసులో మన పేరే అరువుకెళ్లింది. సిరక్యూస్ ఆటగాడు విల్మెత్ సిదాత్ సింగ్ నల్లజాతివాడు. సవతి తండ్రి భారతీయ మూలాలున్న వైద్యుడు, ఇంటిపేరు ఆయనది. అదే అదనుగా పత్రికలు అతణ్ని ‘హిందువు’ అని రాస్తూ వచ్చాయి. హిందువైతే ఆడొచ్చు, నల్లవాడైతే ఆడకూడదు! 1937లో మేరీల్యాండ్‌తో మ్యాచ్‌కు ముందు నల్లజాతి పాత్రికేయుడు శామ్ లేసీ అసలు సంగతి బయటపెట్టాడు. మేరీల్యాండ్ ససేమిరా అంది, సిరక్యూస్ తలూపింది. సిదాత్ సింగ్ లేకుండా 13-0తో ఓడింది. మరుసటి ఏడాది అదే మేరీల్యాండ్‌ను సిదాత్ సింగ్‌ను ఆడించి 53-0తో చిత్తు చేసింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ బెంచీ ఒప్పందం సడలింది. నల్లజాతి సైనికులు యుద్ధం చేసి తిరిగొచ్చాక ఆటగాణ్ని కూర్చోబెట్టమని అడగడం, అడిగితే ఒప్పుకోవడం రెండూ కష్టమయ్యాయి. ఓక్లహోమా ఎ అండ్ ఎం కూడా 1949లో నాన్సీ రాండాల్ఫ్ డేవిస్‌తో నల్లజాతి విద్యార్థులకు తలుపు తెరిచింది. గేటు దగ్గర ఆపే వీలు లేకపోయేసరికి ఆ పని మైదానంలోకి వచ్చింది.

అదీ చాటుమాటుగా రాలేదు. బ్రైట్‌ను గురి పెట్టారన్న మాట మ్యాచ్‌కు ముందే క్యాంపస్ పత్రికలోనూ ఊరి పత్రికలోనూ వచ్చింది. మ్యాచ్ అయ్యేదాకా అతను మైదానంలో ఉండడని విద్యార్థులు కొందరు బాహాటంగానే చెప్పుకున్నారు. అయోవాలోని డెమోయిన్ రిజిస్టర్ పత్రిక ఫొటోగ్రాఫర్లు డాన్ అల్టాంగ్, జాన్ రాబిన్సన్ చెవినా ఆ మాట పడింది. వాళ్లు చేసిన తెలివైన పని ఒక్కటే. మామూలుగా బంతి వెంట తిరిగే కెమెరాను బ్రైట్ మీద నిలిపారు. వాళ్లకున్న సమయమూ తక్కువే. ఫిల్మ్‌ను 650 కిలోమీటర్లకు పైగా దూరంలోని డెమోయిన్‌కు విమానంలో చేర్చి ఆదివారం పత్రికకు అందించాలి. అందుకని మొదటి క్వార్టర్, అంటే ఆట గడియారం లెక్కలో 15 నిమిషాలు, అది కాగానే బయల్దేరాలనుకున్నారు. స్మిత్ కాస్త ఓపిక పట్టి రెండో క్వార్టర్‌లో కొట్టి ఉంటే మనకీ ఫొటోలు ఉండేవి కావు.

మొదటి ఏడు నిమిషాల్లో బ్రైట్ మూడుసార్లు స్పృహ తప్పాడు. మూడుసార్లూ కొట్టింది స్మిత్. ఇప్పటి నిబంధనల ప్రకారమైతే మొదటిసారి పడినప్పుడే బయటికి తీసుకెళ్లి, ఆ రోజు ఇక మైదానంలోకి రానివ్వరు. మెదడు ఒకసారి అదిరాక, అది సర్దుకునేలోపు మళ్లీ దెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పు. అప్పుడా ఆలోచన లేదు. నీళ్లు చల్లి, నిలబడగలిగితే ఆడించేవారు. హెల్మెట్‌కు ముఖం ముందు ఊచ కూడా లేదు. తోలు, ప్లాస్టిక్ టోపీ తలను కాపాడేది, దవడను ఎవరికి వారే కాచుకోవాలి. విరిగిన దవడతోనే బ్రైట్ ఇంకొన్ని ఎత్తులు ఆడి, జిమ్ పిల్కింగ్టన్‌కు 61 యార్డుల పాస్ వేసి టచ్‌డౌన్ చేయించాడు, అంటే బంతిని అవతలి చివరి గీత దాటించాడు. ఆ తర్వాత నొప్పి భరించలేక బయటికి వెళ్లిపోయాడు. అప్పటికి ఆయన ఖాతాలో 75 యార్డులు. మూడేళ్ల కాలేజీ ఆటలో వందకు తగ్గడం అదే మొదటిసారి. డ్రేక్ 27-14తో ఓడింది. రిఫరీలు ఒక్క దెబ్బకూ పెనాల్టీ ఇవ్వలేదు.

పక్కనే ఉన్న మరో కేసుతో పోలిస్తే ఫొటోల విలువ తెలుస్తుంది. 1923 అక్టోబరు 6న అయోవా స్టేట్ తొలి నల్లజాతి ఆటగాడు జాక్ ట్రైస్ మిన్నెసోటాతో ఆడుతూ గాయపడి రెండు రోజులకు చనిపోయాడు. కావాలని తొక్కారా, ఆటలో అలా జరిగిపోయిందా అన్న వాదన వందేళ్లయినా తెగలేదు. బ్రైట్ విషయంలో ఆ వాదనకు చోటు లేదు. ఆరు ఫొటోలు పత్రికలో వచ్చాయి, లైఫ్ పత్రిక వాటిని దేశమంతటికీ చూపింది, 1952లో అల్టాంగ్, రాబిన్సన్‌లకు పులిట్జర్ బహుమతి వచ్చింది.

అయినా ఏం జరిగింది? ఓక్లహోమా ఎ అండ్ ఎం అధ్యక్షుడు ఆలివర్ విల్‌హామ్ అలాంటిదేమీ జరగలేదన్నాడు. తన చర్యలో జాతి వివక్ష లేదని స్మిత్ చివరిదాకా చెబుతూనే ఉన్నాడు. అతని మనసులో ఏముందో తేల్చడం ఎవరి తరమూ కాదు. ఫొటోలకు ఆ అవసరమూ లేదు. బంతి ఎటు పోయిందో, అతను ఎటు వెళ్లాడో చూపిస్తే చాలు. రెండు జట్లూ సభ్యులుగా ఉన్న మిస్సోరీ వ్యాలీ కాన్ఫరెన్స్‌ను చర్య తీసుకోమని డ్రేక్ కోరింది. కాన్ఫరెన్స్ కదల్లేదు. ఇక్కడే ఆ వ్యవస్థలోని లోపం బయటపడుతుంది. మ్యాచ్‌లో తప్పు తేల్చాల్సింది రిఫరీ. అతను చూడలేదు. ఆటగాణ్ని దండించాల్సింది అతని కాలేజీ. అది ఒప్పుకోలేదు. పైన ఉన్న కాన్ఫరెన్స్ అవే కాలేజీలు కలిసి నడుపుకునే సంఘం. ఒక సభ్యుణ్ని శిక్షిస్తే రేపు తన వంతు వస్తుందన్న భయం ప్రతివాడికీ ఉంటుంది. అందరికీ అధికారం ఉంది, ఏ ఒక్కరిదీ బాధ్యత కాకుండా పోయింది.

చివరికి మూల్యం చెల్లించింది ఫిర్యాదు చేసినవాళ్లే. డ్రేక్ కాన్ఫరెన్స్ నుంచి బయటికి వచ్చేసింది. సంఘీభావంగా బ్రాడ్లీ యూనివర్సిటీ కూడా తప్పుకుంది. చిన్న కాలేజీకి ఇది నోటిమాటంత తేలిక కాదు. మ్యాచ్‌ల షెడ్యూలు, టైటిల్ అవకాశం, టిక్కెట్ల రాబడి అన్నీ కాన్ఫరెన్స్‌తో ముడిపడినవే. డ్రేక్ మిగతా ఆటల్లో 1956లో తిరిగి చేరినా ఫుట్‌బాల్‌కు మాత్రం 1971 దాకా వెళ్లలేదు. ఈ వ్యవహారంలో కాస్తో కూస్తో మర్యాదగా నడుచుకున్న సంస్థలు ఈ రెండే.

నిబంధన మాత్రం ఒకటి మారింది. ముంజేతితోనో మోచేతితోనో కొడితే అప్పటిదాకా 15 యార్డుల పెనాల్టీ. 1952 నుంచి కొట్టినవాణ్ని మ్యాచ్ నుంచి తప్పనిసరిగా పంపేయాలన్నారు. మంచి మార్పే. కానీ రిఫరీ చూస్తేనే కదా అమలయ్యేది! ముఖం ముందు ఊచలున్న హెల్మెట్లు ఆ దశాబ్దంలో వాడుకలోకి వచ్చాయి. కొట్టే చేతిని ఆపే ఏర్పాటు కంటే దెబ్బ తినే ముఖానికి కవచమే త్వరగా దొరికిందన్నమాట.

ఇక బ్రైట్. గాయం వల్ల చివరి మూడు మ్యాచ్‌లూ దాదాపు ఆడకుండానే మొత్తం 5,983 యార్డులతో కాలేజీ ఆట ముగించాడు. హైస్మన్ ఓటింగ్‌లో అయిదో స్థానం వచ్చింది. ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1952లో, ఫిలడెల్ఫియా ఈగిల్స్ తన మొదటి ఎంపికగా ఆయన్నే పిలిచింది. ఆ జట్టులో అప్పటిదాకా నల్లజాతి ఆటగాడే లేడు. దక్షిణాది ఆటగాళ్లు ఎక్కువగా వచ్చి చేరుతున్న చోట తనతో ఎలా ప్రవర్తిస్తారో తెలియదని, ఆయన కెనడా వెళ్లిపోయాడు. దీన్ని పారిపోవడం అనుకుంటే పొరపాటు. ఆట మళ్లీ నేర్చుకోవాలి అక్కడ. జట్టుకు పన్నెండు మంది, మైదానం 110 యార్డులు, పది యార్డులు జరగడానికి మూడే ప్రయత్నాలు. మొదట కాల్గరీ, 1954 నుంచి ఎడ్మంటన్. ఎడ్మంటన్ 1954, 55, 56ల్లో వరుసగా కెనడా ఫుట్‌బాల్ టైటిల్ గ్రే కప్ గెలిచింది. 1959లో లీగ్ ఉత్తమ ఆటగాడి పురస్కారం అందుకున్న తొలి నల్లజాతివాడు బ్రైట్. 1964లో ఆట మానేసేనాటికి పరుగుతో 10,909 యార్డులు, అప్పటి కెనడా రికార్డు.

ఆడుతూనే పాఠాలు చెప్పాడు, 1962లో కెనడా పౌరసత్వం తీసుకున్నాడు, తర్వాత ఎడ్మంటన్‌లోనే స్కూలు ప్రిన్సిపాల్ అయ్యాడు. 1983 డిసెంబరులో, పాత మోకాలి గాయానికి ఆపరేషన్ జరుగుతుండగా గుండె ఆగి చనిపోయాడు. 53 ఏళ్లు.

2005 సెప్టెంబరు 28న ఓక్లహోమా స్టేట్ అధ్యక్షుడు డేవిడ్ ష్మిడ్లీ క్షమాపణ కోరుతూ ఉత్తరం రాశాడు. అప్పటికి బ్రైట్ పోయి దాదాపు 22 ఏళ్లు కావడంతో అది డ్రేక్ అధ్యక్షుడు డేవిడ్ మ్యాక్స్‌వెల్‌కు చేరింది. మరుసటి ఏడాది డ్రేక్ తన స్టేడియంలోని మైదానానికి జానీ బ్రైట్ పేరు పెట్టుకుంది.