కిట్టు సరే, జ్వరం ఎన్నో రోజు?

జ్వరం వస్తే పీహెచ్‌సీలోనే కిట్టుతో రక్తపరీక్ష, పావుగంటలో ఫలితం అన్న మీ కథనం బాగుంది. మా ఉరవకొండ వైపు కూలికి పోయే మనిషి రిపోర్టు కోసం అనంతపురం పోయి రావాలంటే ఆ రోజు కూలి పోయినట్టే. కిట్లు రావాల్సిందే. అయితే ఒక సంగతి తేలిగ్గా దాటేశారు.

రక్తంలో డెంగీ వైరస్ ప్రొటీన్‌ను వెతికే ఎన్‌ఎస్‌1 పరీక్ష జ్వరం మొదలైన తొలి అయిదు రోజుల్లోనే బాగా పట్టుకుంటుంది. మనవాళ్లేమో ముందు మెడికల్ షాపు మాత్రలు, తర్వాత ఆర్‌ఎంపీ దగ్గర సూది, అవన్నీ అయ్యాక గానీ ఆస్పత్రి గడప తొక్కరు. అప్పుడు నెగెటివ్ వస్తే "డెంగీ లేదంట" అని ఇంటికి పోతారు. ఆ దశలో ఐజీఎం (జ్వరం వచ్చిన కొన్నాళ్లకు ఒంట్లో పుట్టే యాంటీబాడీ) చూడాలి, నిర్ధారణకు ల్యాబులో చేసే ఎలైసా పరీక్ష చేయించాలి. మలేరియాది తిరగేసిన కథ. ఫాల్సిపరం రకం మలేరియా తగ్గిపోయినా, ఆ పరాన్నజీవి ప్రొటీన్‌ను పట్టే హెచ్‌ఆర్‌పీ2 కిట్టు కొన్ని వారాలు పాజిటివ్ చూపిస్తూనే ఉంటుంది. మందు పనిచేసిందా లేదా అన్నది రక్తపు చుక్కను స్లైడు మీద పెట్టి మైక్రోస్కోపులో చూస్తేనే తేలాలి.

ఇక టైఫాయిడ్‌కు చేసే వైడాల్ రక్తపరీక్ష సంగతి చెప్పనక్కర్లేదు. ఒక్కసారి చేసిన పరీక్ష పట్టుకుని టైఫాయిడ్ అని సెలైన్ ఎక్కించడం మా దగ్గర మామూలే (టైఫాయిడ్ రాలేదన్న మనిషి ఊళ్లో దొరికితే చూపించండి!). ఎప్పుడో వచ్చిపోయిన ఇన్‌ఫెక్షన్‌కు కూడా అది పాజిటివ్ రావచ్చు.

ఇంకోటి. చాలా కిట్లకు 30 డిగ్రీలు దాటకూడదని పెట్టె మీదే ఉంటుంది. మే నెలలో అనంతపురం ఎండ 40 దాటుతుంది. కరెంటు పోయిన మధ్యాహ్నం అవి ఏ బీరువాలో ఉంటున్నాయి? ఎన్ని కిట్లు పంపారన్న లెక్కతో పాటు అది కూడా కనుక్కుని రాయండి.