చేయి తడిసిన తర్వాత

లంచమివ్వడాన్ని మన ఊళ్లలో చేయి తడపడం అంటారు. అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) చేసేదీ ఒక రకంగా అదే. ఫిర్యాదుదారు తెచ్చిన నోట్ల నంబర్లను ఇద్దరు మధ్యవర్తుల ఎదుట రాసుకుని, వాటికి ఫినాల్ఫ్తలీన్ పొడి పూస్తారు. తెల్లని పొడి, నోటు మీద కంటికి ఆనదు. అడిగితేనే ఇవ్వాలనీ, లోపలికి వెళ్లగానే అలవాటు కొద్దీ కరచాలనం చేయకూడదనీ అతనికి ఒకటికి రెండుసార్లు చెప్పి పంపుతారు. సైగ అందగానే బృందం లోపలికి వెళుతుంది. సోడియం కార్బనేట్ కలిపిన నీళ్ల గ్లాసు అధికారి ముందు పెట్టి వేళ్లు ముంచమంటుంది. నోట్లు ముట్టిన చేయి అయితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. మర్నాటి పత్రికలో బల్ల మీద పరిచిన నోట్లు, పక్కన సీసాలు, వాటి వెనుక తల దించుకుని ఒక మనిషి.

ఆ ఫొటో మేమూ వేస్తాం. ఆ తర్వాత ఆ కేసు ఏమైందో మాత్రం చాలాసార్లు రాయం. శిక్ష పడినా, కొట్టేసినా ఏళ్లు గడిచాక లోపలి పేజీలో నాలుగు లైన్లు, ఒక్కోసారి అవీ ఉండవు. ఈ సంపాదకీయం రాయడానికి కూర్చున్నప్పుడు ముందుగా గుర్తొచ్చింది మా తప్పే.

ఎందుకంటే అసలు కథ ఫొటో తర్వాతే మొదలవుతుంది. నిందితుడు సస్పెండవుతాడు, జీవనభృతి తీసుకుంటాడు, కొన్నాళ్లకు మరో సీటులో కనిపించినా ఎవరూ ఆశ్చర్యపోరు. అతన్ని కోర్టు విచారించాలంటే, అవినీతి నిరోధక చట్టం 19వ సెక్షన్ కింద, అతన్ని ఉద్యోగం నుంచి తొలగించే అధికారం ఉన్నవారు అనుమతి ఇవ్వాలి. ఫైలు అక్కడ కూర్చుంటుంది. 2018లో చట్టాన్ని సవరించినప్పుడు దీనికి మూడు నెలల గడువు పెట్టారు, న్యాయ సలహా కావాలంటే మరో నెల. 2022 అక్టోబరులో విజయ్ రాజ్‌మోహన్ కేసులో సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. ఈ గడువు తప్పనిసరి, దాటితే అనుమతి ఇవ్వాల్సిన అధికారే జవాబుదారీ అన్నది మొదటిది. గడువు దాటింది కదా అని కేసు కొట్టేయడం కుదరదన్నది రెండోది. రెండో మాట నిందితులకు రుచించలేదు. మొదటి మాట సచివాలయాలకు వినబడినట్టు లేదు.

విచారణ మొదలయ్యాక ఇంకో గండం. ఫిర్యాదుదారు ఎదురు తిరుగుతాడు. డబ్బు అడగలేదు, నేను ఇవ్వలేదు, ఆ సంతకం ఎందుకు పెట్టానో గుర్తులేదు అంటాడు. అతన్ని తిట్టుకోవడం తేలిక. కానీ పట్టాదారు పాస్‌పుస్తకంలో ఒక సవరణ కోసం ఆ రైతు రేపు మళ్లీ ఆ కార్యాలయం మెట్లే ఎక్కాలి. ఫిర్యాదుదారు చనిపోయినా, మాట మార్చినా, లంచం అడిగిన సంగతిని పరిస్థితుల సాక్ష్యంతో నిరూపించవచ్చని 2022 డిసెంబరు 15న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నీరజ్ దత్తా కేసులో తేల్చింది. మంచి తీర్పు. అయితే సాక్ష్యమన్నది తాజాగా ఉన్నప్పుడే నిలుస్తుంది. విచారణ రెండేళ్లలో, ఎంత పొడిగించినా నాలుగేళ్లలో ముగించే ప్రయత్నం జరగాలని చట్టం చెబుతోంది. సీలు వేసిన సీసాలోని గులాబీ నీళ్లు కోర్టు ముందుకు వచ్చేసరికి రంగు వెలిసి ఉండటం, దాని మీద వాదోపవాదాలు నడవడం న్యాయవాదులకు కొత్త కాదు.

ఇదంతా వేలల్లో, లక్షల్లో పట్టుబడేవారి సంగతి. వీరిని వలపన్ని పట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక్క సంతకంతో కోట్ల కాంట్రాక్టు ఎవరికి వెళ్లాలో నిర్ణయించేవారి లెక్క వేరు. 2018 సవరణలోనే వచ్చిన 17ఎ సెక్షన్ ప్రకారం, అధికార హోదాలో తీసుకున్న నిర్ణయం మీద, చేసిన సిఫార్సు మీద ఆరోపణ వస్తే ప్రభుత్వ ముందస్తు ఆమోదం లేకుండా పోలీసులు విచారణే మొదలుపెట్టరాదు. అక్కడికక్కడ లంచం తీసుకుంటూ దొరికినవారికి ఈ రక్షణ లేదని అదే సెక్షన్ చెబుతోంది. అంటే చేతిలో నోట్లు పట్టుకునేవాడికి లేని కవచం, కలం పట్టుకునేవాడికి ఉంది.

ఈ కవచం పుట్టి గిట్టి మళ్లీ పుట్టిన తీరు చూస్తే నవ్వొస్తుంది. ఉన్నతాధికారుల జోలికి వెళ్లాలంటే సీబీఐ ముందుగా అడగాలన్న ప్రభుత్వ ఉత్తర్వును 1997లో వినీత్ నారాయణ్ తీర్పు కొట్టేసింది. 2003లో దాన్నే చట్టంలోకి ఎక్కించారు. జాయింట్ సెక్రటరీ, ఆ పై హోదా వారికే రక్షణ ఇవ్వడం సమానత్వ సూత్రానికి విరుద్ధమని 2014 మే నెలలో రాజ్యాంగ ధర్మాసనం దాన్నీ రద్దు చేసింది. నాలుగేళ్లకు 17ఎ వచ్చింది, ఈసారి హోదా మాట తీసేసి. నైపుణ్యాభివృద్ధి కేసులో ఆంధ్రప్రదేశ్ మాజీ ముఖ్యమంత్రి హోదాలో చంద్రబాబు నాయుడు వేసిన పిటిషన్ మీద 2024 జనవరి 16న ఇద్దరు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఈ సెక్షన్ దగ్గరే చెరో దారి పట్టారు. సెక్షన్ చెల్లుబాటు మీద 2026 జనవరిలోనూ మరో ఇద్దరి మధ్య ఏకాభిప్రాయం కుదరలేదు.

నిజాయతీగా నిర్ణయం తీసుకున్న అధికారి పదేళ్ల తర్వాత కేసులో ఇరుక్కుంటాడన్న భయం ఉత్తదేమీ కాదు. ఆ భయంతో ఫైలు ముట్టుకోని కార్యాలయాన్ని మేమూ చూశాం. కానీ మంత్రి మీద ఆరోపణ వస్తే ఆమోదం ఇవ్వాల్సింది అతను కూర్చున్న ప్రభుత్వమే అయితే, ప్రభుత్వం మారాక ఆమోదం ఇచ్చేది అతని ప్రత్యర్థే అయితే, అది నిజాయతీపరుడికీ రక్షణ కాదు. అనుమతి కావాలంటే ఉండనివ్వండి. ఇచ్చే చేయి మాత్రం ప్రభుత్వానిది కాకూడదు. పెద్దల అవినీతి మీద ఫిర్యాదులు చూసే స్వతంత్ర సంస్థ లోక్‌పాల్ ఉన్నది అందుకోసమే కదా అంటారా? 2013లో చట్టమైతే తొలి చైర్మన్ నియామకానికి 2019 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది. 2025 అక్టోబరులో ఆ సంస్థ దేశం నోట నానింది ఏడు బీఎండబ్ల్యూ కార్లకు టెండరు పిలిచినందుకు. విమర్శలు వచ్చాక ఆ టెండరును రద్దు చేసుకుంది.

మనుషులను పట్టుకోవడం కన్నా పనిలోని సందులు మూయడం మేలని చాలామంది అంటారు. తెలంగాణ అనుభవం అందులో రెండు రకాల పాఠాలు చెబుతుంది. 2020 ఆగస్టులో కీసర తహసీల్దారు కోటీ 10 లక్షల రూపాయలు తీసుకుంటూ దొరికారని ఏసీబీ ప్రకటించింది. ఆ ఆరోపణ న్యాయస్థానంలో తేలకముందే ఆయన జైలులో మరణించారు. ఆయన పట్టుబడి వారాలు తిరక్కుండానే, సెప్టెంబరులో, అవినీతి పేరు చెప్పి ప్రభుత్వం రద్దు చేసింది తహసీల్దారుకు ఎంతో కింద ఉండే గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థను. భూమి రికార్డులు ధరణి అనే ఆన్‌లైన్ పోర్టల్‌లోకి వెళ్లాయి. తప్పు పడితే ఊళ్లో అడగడానికి మనిషి లేడు, తిరగాల్సింది కలెక్టరేట్ చుట్టూ. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, గ్రామ పాలనాధికారి పేరుతో ఊరికి మళ్లీ ఒక మనిషీ వచ్చాడు. అదే ఏడాది అక్టోబరులో రవాణా శాఖ చెక్‌పోస్టులను మూసేయడం వేరే కథ. అనుమతులు, పన్నులు ఆన్‌లైన్‌లోకి వెళ్లాక వాటికి లారీని ఆపే కారణమే మిగల్లేదు. మిగిలింది మామూళ్లే. (ఎప్పుడూ జరిగేదన్న అర్థమున్న మాటను లంచానికి పేరుగా పెట్టుకున్న మన భాష నిజాయతీని మెచ్చుకోవాలి.) పనిలేని చోట కిటికీ మూశారు, మంచిదే. పనున్న చోట మనిషిని తీసేస్తే మాత్రం లంచం పోలేదు, మరో గది చూసుకుంది.

తెలంగాణలో 1064కు ఫోన్ చేయండని ప్రభుత్వ కార్యాలయాల గోడల మీద రాసి ఉంటుంది. బలవంతం మీద లంచమిచ్చిన పౌరుడు ఏడు రోజుల్లో ఫిర్యాదు చేయకపోతే అతనూ నేరస్థుడే అవుతాడని 2018 సవరణ అంటోంది. పౌరుడికి ఏడు రోజులు లెక్కపెట్టిన చట్టం, ఫైలు మీద కూర్చున్న పెద్దలకు నాలుగు నెలలు లెక్కపెట్టాక చేతులెత్తేస్తోంది.

రెండు రాష్ట్ర ప్రభుత్వాలనూ మేము అడుగుతున్నది ఒక్కటే. ప్రాసిక్యూషన్ అనుమతి కోసం ఏసీబీ ఎన్ని ఫైళ్లు పంపింది, ఏ శాఖకు ఏ తేదీన చేరాయి, నేటికి ఎన్ని రోజులయ్యాయి అన్నది నెలనెలా ప్రకటించాలి. నిందితుల పేర్లు అక్కర్లేదు. శాఖ పేరు, తేదీ, ఫైలు ఎవరి బల్ల మీద ఉందో చెప్పే హోదా చాలు. ఆ జాబితా వచ్చిన రోజు, గులాబీ నీళ్ల సీసాల ఫొటో వేసే చోటే, మొదటి పేజీలో, దాన్ని వేస్తాం.