పెరటి గోడ ఎవరిది? దస్తావేజు చెప్పడం లేదు

ముందు ఒక లెక్క చూడండి. 60 అడుగుల పెరటి గోడ, 9 అంగుళాల మందం. అది కూర్చున్న నేల 45 చదరపు అడుగులు, అంటే 5 గజాలు. చెరి సగం అనుకుంటే తగాదా రెండున్నర గజాల మీద. గజం 40 వేలు పలికే చోట కూడా అది లక్ష రూపాయల సంగతే. ఆపాటి దానికి, పండక్కి గోడ మీంచే అరిసెలు అందించుకున్న రెండిళ్ళు ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరగడం మా వీధిలోనే చూశాను.

ఇది డబ్బు గొడవని నేననుకోను. దస్తావేజు తీసి చూస్తే షెడ్యూల్లో నాలుగు హద్దులుంటాయి, తూర్పు ఫలానా వారి ఇల్లు, పడమర ఫలానా వారి స్థలం అని. మధ్యలో ఉన్న గోడ ఎవరి నేలలో ఉంది, ఖర్చు ఎవరు పెట్టారు అన్నది చాలావాటిలో ఉండదు. పాత కాగితాల్లో కొన్నిట్లో ‘ఉమ్మడి గోడ’, ‘చూరు నీళ్ళు పడే జాగా’ అని విడిగా రాసేవారు. ఆ పద్ధతి మళ్ళీ రావాలి. ఇంకోటి, రాసిన విస్తీర్ణానికీ హద్దులకూ తేడా వస్తే కోర్టులు మామూలుగా హద్దులకే విలువిస్తాయి కాబట్టి, ‘నా కాగితంలో 200 గజాలుంది, తగ్గింది మీ గోడ కిందే ఉంది’ అని పక్కింటి మీదికి వెళ్ళే ముందు ఆగాలి.

వాస్తు దగ్గర చిక్కు ఇంకా గట్టిది. పడమర గోడ తూర్పు గోడ కన్నా ఎత్తుండాలంటారు. కానీ మీ పడమర గోడే అవతలి వాళ్ళకి తూర్పు గోడ! మీరు రెండు వరసలు లేపితే వాళ్ళకి టెన్షన్, వాళ్ళు దింపమంటే మీకు. ఒక్క గోడతో ఇద్దరి పట్టింపూ తీరదు. పట్టింపు ఉన్నవాళ్ళు తమ నేలలోకి జరిగి సొంత గోడ కట్టుకోవడమే మర్యాద. ఎందుకంటే ఉమ్మడి గోడని రెండోవాళ్ళ ఒప్పుకోలు లేకుండా కూల్చడానికీ, ఎత్తు పెంచడానికీ వీల్లేదు.

మాట పెరగగానే ఇంజంక్షన్ దావా, అంటే అవతలివాళ్ళని జోలికి రాకుండా ఆపమని కోర్టుని అడిగే దావా వేసేస్తారు. వరంగల్ స్థలం మీద వచ్చిన ఒక వివాదంలో సుప్రీంకోర్టు 2008లోనే తేల్చి చెప్పింది: హక్కు మీదే గట్టి అనుమానం ఉన్నప్పుడు ఉత్త ఇంజంక్షన్ దావా చాలదు, ఆ హక్కును ప్రకటించమని కూడా అడగాలి. మా వీధి కేసులో ఇది ఆలస్యంగా తెలిసి, దావా మార్చుకోవడానికే బోలెడు కాలం పోయింది. తర్వాత కోర్టు, స్థలం చూసి నివేదిక ఇవ్వడానికి ఒక లాయర్ని కమిషనర్‌గా వేసింది, ఆయన సర్వేయరుతో వచ్చి టేపు పట్టించారు. ఆ టేపేదో మొదటి వారంలోనే ఫీజు చెరి సగం వేసుకుని ఇద్దరూ కలిసి పట్టించుకుంటే ఎంత బాధ తప్పేది! ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అలాగని మొహమాటానికి ఊరుకోమనడం లేదు. గోడ మీ నేలలోకి వచ్చిందని తెలిసీ 12 ఏళ్ళు మాట్లాడకపోతే అవతలివాళ్ళు అడ్వర్స్ పొసెషన్, అంటే ఇన్నేళ్ళ స్వాధీనంతో ఆ నేల తమదైపోయిందని వాదించే వీలుంది. రాతపూర్వకంగా అడగండి. వినకపోతే, కేసు వేయకముందే న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టి లోక్ అదాలత్‌కు రమ్మనవచ్చు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీకున్న బలం ఉంటుంది, దాని మీద అప్పీలుండదు.

కొత్తగా కట్టేవాళ్ళకి ఒక్కటే చెబుతాను. మేస్త్రి ముగ్గు పోయకముందే ఇద్దరూ కూర్చుని కాగితం రాసుకోండి: గోడ ఎవరి నేలలో, మందం ఎంత, ఎత్తు ఎంత, రేపు మునగ చెట్టు వేళ్ళకి బీటలిస్తే బాగుచేయించేది ఎవరు. గోడలో గానీ నేలలో గానీ కొత్తగా వాటా ఇస్తున్నట్టు రాస్తే మటుకు దాన్ని రిజిస్టర్ చేయించండి. 100 రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తిలో హక్కు ఇచ్చే పత్రానికి రిజిస్ట్రేషన్ తప్పదని 1908 నాటి చట్టమే చెబుతోంది.