ప్లేట్‌లెట్ల దగ్గరే ఆగిపోవద్దు

వానలు మొదలయ్యాక డెంగీ అనుమానంతో, జ్వరమొచ్చిన ఇంట్లో సీబీపీ (రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష) రిపోర్టు చేతికి రాగానే అందరి కళ్లూ వెతికేది ఒక్క అంకె కోసమే. రక్తం గడ్డకట్టడానికి సాయపడే ప్లేట్‌లెట్లు ఎన్ని? లక్షన్నరకు పైగా ఉండాల్సినవి డెబ్బై వేలు కనిపిస్తే చాలు, టెన్షన్ మొదలవుతుంది, వాట్సాప్ గ్రూపుల్లో దాతల కోసం మెసేజీలు వెళ్తాయి, ఉన్న ఊరు వదిలి పట్నంలో పెద్దాసుపత్రికి పరుగెడతారు, అప్పు చేసైనా సరే. ఆ డెబ్బై వేల అంకె ఒక్కటే అంత భయపెట్టాల్సింది కాదని మేం గట్టిగా చెప్పదలచుకున్నాం. రక్తస్రావం లేకపోతే, కౌంటు పది వేల దాకా పడిపోతే తప్ప ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన పని సాధారణంగా ఉండదు.

డెంగీలో ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా వేరే సంగతి. రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, బయటికి కారిపోయి, రక్తం చిక్కబడి, బీపీ పడిపోతుంది. ఆ చిక్కదనాన్ని చెప్పే అంకె అదే కాగితంలో ఉంటుంది, పీసీవీ అని, రక్తంలో ఎర్రకణాల వాటా ఎంత శాతమో చెప్పేది. మొదటి రోజు 36 ఉన్నది నాలుగో రోజుకి 44 అయిందంటే అయిదో వంతుకు మించి పెరిగినట్టే, వెంటనే డాక్టరుకు చూపించాలి. కానీ మొదటి రోజు అంకె లేకపోతే ఈ పోలిక ఎక్కడిది? అందుకే పరీక్ష జ్వరం మొదట్లోనే ఒకసారి చేయించి, తర్వాత డాక్టరు చెప్పినట్టు మళ్లీ మళ్లీ చేయించాలి. ముఖ్యంగా జ్వరం దిగే రోజుల్లో. అందరూ హమ్మయ్య అనుకునేది అప్పుడే, కడుపునొప్పి, ఆగని వాంతులు, మత్తు, చిగుళ్ల నుంచి రక్తం లాంటివి మొదలయ్యేదీ చాలామందికి అప్పుడే.

ఇక డెంగీయేనా అని తేల్చే పరీక్షకు రోజుల లెక్క ముఖ్యం. వైరస్ ప్రోటీన్‌ను పట్టుకునే ఎన్ఎస్1 పరీక్ష మొదటి అయిదు రోజుల్లో పనికొస్తుంది, వైరస్ మీద ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను చూసే ఐజీఎం అయిదో రోజు తర్వాత. రెండో రోజున ఐజీఎం చేసి నెగటివ్ అని ఇంటికి పంపేస్తే ఆ పరీక్షకు అర్థమే లేదు. అప్పటికప్పుడు ఫలితం చెప్పే కార్డు టెస్టులో పాజిటివ్ వచ్చినా, ల్యాబులో చేసే ఎలైసా పరీక్షతో నిర్ధారించుకోవాలి. పాడేరు, భద్రాచలం ఏజెన్సీల్లోనైతే మలేరియా పరీక్ష కూడా తప్పనిసరి.

ఇందులో ఖరీదైన యంత్రాల గొడవేమీ లేదు. ఇది చేతిలో ఉన్న పరీక్షను సరిగ్గా వాడుకోవడమే. అయితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తీసిన రక్తం జిల్లా కేంద్రానికి వెళ్లి, ఫలితం మర్నాడో ఎల్లుండో వస్తే పీసీవీ ఎంత పెరిగిందో తెలిసి ఏం లాభం? సీజన్ ఉన్నన్నాళ్లూ, ఆదివారాలతో సహా, ప్రతి ఆరోగ్య కేంద్రంలో సీబీపీ ఉచితంగా చేసి ఫలితం ఆ పూటే చేతిలో పెట్టాలని రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను కోరుతున్నాం. ల్యాబు స్లిప్పు మీద పేరు, వయసు పక్కనే జ్వరం ఎన్నో రోజో రాసే గడి కూడా ఒకటి పెట్టండి.