ఆ గది వేరు, ఈ గది వేరు

కుటుంబ నియంత్రణ కోసం సర్కారు ఆసుపత్రికి వచ్చినవాళ్లకి ఆ గదిలోనే హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేసెయ్యాలని కొందరు డాక్టర్లు చాలా కాలంగా అంటున్నారు. తిరుపతి పౌరుడిగా, ఇద్దరు పిల్లల తండ్రిగా (ఆపరేషన్ మా ఆవిడకే అయింది లెండి) దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను.

ఇప్పుడున్న ఏర్పాటుకి ఏం తక్కువ? నేను చూసిన ఒక ఆసుపత్రిలో ఆ పరీక్షకి ప్రత్యేకంగా గది ఉంది. రహస్యం కాపాడాలి కాబట్టి వరండా చివర పెట్టారు. రహస్యం అని అందరికీ తెలియాలి కాబట్టి ఎర్ర రిబ్బన్ బొమ్మతో బోర్డు పెట్టారు. ఓపీ క్యూ దాటుకుని, మందుల కౌంటర్ దాటుకుని, బెంచీల నిండా కూర్చున్న జనం ముందునుంచి అక్కడికి నడవాలి. ఆ వైపు ఇంకో గది లేదు, కాబట్టి యాడికి పోతా ఉండావని అడిగే శ్రమ ఎవరికీ ఉండదు. మా ఊళ్లో రోజూ వేలమంది కొత్తవాళ్లు దిగుతారు. బస్టాండులో గంటసేపు నిలబడినా తెలిసిన మొహం ఒక్కటీ కనపడదు. ఆ గది ముందు రెండు నిమిషాలు నిలబడండి, మీ వీధి వీధంతా కనిపిస్తుంది. సమ్మతి లేకుండా పరీక్ష చెయ్యకూడదు, ఫలితం బయటికి చెప్పకూడదు అని 2017లోనే చట్టం చేశారు. ఆసుపత్రివాళ్లు చెప్పరు, నిజమే. వరండా చెప్పేస్తుంది.

కడుపు వచ్చేదీ, ఆ వైరస్ ఎక్కువగా అంటుకునేదీ ఒకే పనితో కదా, గదులు రెండెందుకు అని వాళ్ల వాదన. సైన్సు ప్రకారం సరే కావచ్చు, ఆఫీసు ప్రకారం కుదరదు. రెండు రిజిస్టర్లు, రెండు లెక్కలు, ఇద్దరు పైఅధికారులు. గర్భిణిగా వస్తే పరీక్ష ఎలాగూ చేస్తున్నారు. తల్లికి వైరస్ ఉండి ఏమీ చెయ్యకపోతే బిడ్డకి సోకే ప్రమాదం 15 నుంచి 45 శాతం. ముందే తెలిసి మందులు వాడితే 5 శాతం లోపుకి దిగుతుంది. అది బిడ్డ కోసం, ఒప్పుకుంటాను. మరి కడుపు వద్దు, మాత్రలివ్వండి అనో, అంతర ఇంజెక్షన్ వెయ్యండి అనో వచ్చిన ఆవిడ సంగతేంటి? ఆవిడ తన కోసం వచ్చింది. తన కోసం వచ్చిన ఆడమనిషిని ఏ రిజిస్టర్లో ఎక్కిస్తారు?

మాత్రలు, కాపర్-టీ, ఆపరేషన్, ఇవన్నీ కడుపుని ఆపుతాయి గానీ వైరస్‌ని ఆపవు. రెండు పనులూ ఒంటిచేత్తో చేసేది 1968లో మార్కెట్లోకి వచ్చిన నిరోధ్ కండోమ్ ఒక్కటే. ఇన్నేళ్ల సర్వీసు ఉన్నా దానికి ప్రమోషన్ రాలేదు. అట్టపెట్టెలో ఉచితంగా కూర్చుని ఉంది.

అసలు కుటుంబ నియంత్రణ గదికి వచ్చేదెవరు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి ఆపరేషన్ అయిపోయింది. మగవాళ్ల ఆపరేషన్ ఒక్క శాతం కూడా లేదు. కాబట్టి పరీక్ష అక్కడ పెడితే ముందు తేలేది ఆడవాళ్ల ఫలితమే. ముందు ఎవరికి తేలితే వాళ్లే తెచ్చినట్టు, ఇది అత్తగార్ల న్యాయశాస్త్రం. దాని మీద అప్పీలు లేదు.

మగవాళ్లకి పరీక్ష అక్కరలేదు, మా పక్క జిల్లాలో కాణిపాకం ఉంది. మామిడి వ్యాపారం చేసే మా బావని ఒకసారి పరీక్ష చేయించుకోమన్నాను. "ఏరా, నన్నే అనుమానిస్తావా? కావాలంటే కాణిపాకంలో ప్రమాణం చేస్తా పా" అన్నాడు. వేలి చివర ఒక్క రక్తపు చుక్క కన్నా అది ఎంతో గంభీరంగా ఉంది. ఎప్పుడు పోదాం బావా అంటే, "ఈ తోతాపురి కాపు అయిపోనీ" అన్నాడు. అప్పటినుంచి మూడు కాపులు అయిపోయాయి.

అయినా నేను అభివృద్ధికి అడ్డం పడే మనిషిని కాను. గదులు కలిపే తీరాలంటే నాదొక సవరణ. మే నెలలో తిరుపతి గంగమ్మ జాతర జరుగుతుంది. మొక్కుకున్న మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టి, బొట్టు దిద్దుకుని నడివీధిలో తలెత్తుకుని నడుస్తారు. మా బావా ఏటా కడతాడు, ఏనాడూ సిగ్గుపడలేదు. ఆయన సిగ్గంతా కుటుంబ నియంత్రణ గది ముందున్న బెంచీ మీద కూర్చోవడానికే. కాబట్టి ఆ వారమే పరీక్షలు పెట్టేస్తే సరి. వేషం తియ్యకుండా నేరుగా వచ్చి బెంచీ మీద కూర్చుంటే మగవాడు వచ్చాడని ఎవరికీ తెలియదు.

ఈ ఆలోచన బావకి తెగ నచ్చింది. 

"చీర సరే బావా, చీటీలో ఎవరి పేరు రాయించేది?" అన్నాను.

"మీ అక్క పేరు రాయించురా. ఎట్లాగూ ఆ రిజిస్టర్లో ఉండేది ఆమె పేరే గదా."