లీస్ట్ కాస్ట్ మోడల్ గారి దివ్యసముఖానికి

అతి తక్కువ ఖర్చుతో విద్యుత్ ప్రణాళిక లెక్కగట్టే మహారాజశ్రీ కంప్యూటర్ మోడల్ గారికి,

ఒకానొక డిస్కం, అంటే కరెంటు పంపిణీ కంపెనీ, ప్లానింగ్ విభాగంలో తమకు ఎక్సెల్ షీట్లు సమర్పించుకునే ఇంజనీరు నమస్కరించి రాయు విన్నపం. ఇక్కడ గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 49.98, అంటే ఉండాల్సిన 50కి దగ్గరే, మేమంతా క్షేమం. తమ సర్వర్ గదిలో ఏసీ చల్లగానే ఉందని తలుస్తాను.

ముందు తమ ఘనత చెప్పుకోవాలి. ఏడాదిలోని 8,760 గంటల్లో ఏ గంటకు ఏ కరెంటు ప్లాంటు నడపాలి, వచ్చే పదేళ్లలో సోలార్ ఎంత, బ్యాటరీ ఎంత, బొగ్గు ఎంత, అన్నీ టీ తాగొచ్చేలోపు తేల్చేసి, ఇంతకంటే చవకైన దారి లేదని తీర్పిచ్చేస్తారు. కూడికల్లో తమరు తప్పు చేయగా నేనెప్పుడూ చూడలేదు. ఎటూ దారి దొరక్కపోతే మాత్రం 'ఇన్‌ఫీజిబుల్', అంటే కుదరదు, అని ఒక్క ముక్క అనేసి అలిగి కూర్చుంటారు. అప్పుడు మీ కన్సల్టెంటు కుర్రాడొచ్చి 'అన్‌సర్వ్‌డ్ ఎనర్జీ', అంటే జనానికి ఇవ్వలేకపోయిన కరెంటు, అనే ఉత్తుత్తి ప్లాంటొకటి తగిలిస్తాడు. దానికి బొగ్గక్కర్లేదు, భూసేకరణ అక్కర్లేదు, రేటు మాత్రం ఆకాశంలో ఉంటుంది. తమరి అలక తీరి జవాబు వచ్చేస్తుంది. ఆ ప్లాంటు 'నడిచిన' ప్రతి గంటా మా సబ్‌స్టేషన్ ఆపరేటరు ఊళ్లకు కరెంటు వెళ్లే ఫీడరు లైను ఆపేసి, మోగుతున్న ఫోను వైపు చూడకుండా కూర్చుంటాడు. ఏడాది గంటల్లో 0.2 శాతం దాకా ఇలా జరగొచ్చని జాతీయ విద్యుత్ ప్రణాళికే ఒప్పుకుంది లెండి. అంటే ఏడాదికి పదిహేడున్నర గంటలు. అవి ఏ గంటలో ముందే సెలవిస్తే పెళ్లి ముహూర్తాలు చూసుకుంటాం.

ఆ కుర్రాడు మంచివాడే. మొన్న ల్యాప్‌టాప్ తెరిచి, "సార్, డిమాండ్ గ్రోత్ ఎంత పెట్టమంటారు?" అన్నాడు. పెద్దసారు 6 శాతం అన్నారని చెప్పాను. "అయితే 6.3 పెడతాను సార్, లెక్కేసినట్టు ఉంటుంది" అన్నాడు.

వ్యవసాయం సంగతి కూడా తమ చెవిన వేయాలి. మీటర్లు లేని పంపుసెట్లు ఎంత వాడాయో మాకు తెలిసే వీలే లేదు. ఎంపిక చేసిన ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ చెప్పిన పద్ధతిలో మొత్తం అంచనా కడతాం. కొన్న కరెంటులోంచి మీటరు ఎక్కిన అమ్మకం తీసేస్తే మిగిలేవి రెండే. ఒకటి రైతు వాడింది, రెండోది దారిలో పోయింది. మొదటిది పెరిగితే రెండోది దానంతటదే తగ్గుతుంది. అందుకే నష్టాలు తగ్గించామని చెప్పుకోవాల్సిన ఏడాది, వానలు దంచికొట్టినా సరే, మా రైతులు బోర్లు తెగ తోడేస్తారు! ఆ అంకెను తమరు మూడు దశాంశ స్థానాల దాకా గౌరవించడం చూసి నాకు కళ్లు చెమరుస్తాయి. కరెంటు రాగానే మోటారును దానంతటదే ఆన్ చేసే ఆటో స్టార్టర్ల మాట మాత్రం మీ షీట్లలో ఎక్కడా లేదు. త్రీఫేజ్ రాగానే ఫీడరు మీది మోటార్లన్నీ ఒక్క క్షణంలో లేస్తాయి. తమరి లెక్కలో అవి వంతులవారీగా, బుద్ధిగా లేస్తాయి.

కృష్ణా-గోదావరి తీరాన సముద్రంలోని గ్యాస్ క్షేత్రం కేజీ-డీ6 గుర్తుందా? రోజుకు 80 మిలియన్ ఘనపు మీటర్ల గ్యాస్ అని రాసిస్తే, తమరు కిక్కురుమనకుండా పుచ్చుకున్నారు. గోదావరి జిల్లాల్లో ప్లాంట్లు లేచాయి. 2013 మార్చికల్లా కరెంటు ప్లాంట్లకు ఆ గ్యాస్ సున్నా అయింది. సామర్లకోట ప్లాంటు కోసం తెచ్చిన సామగ్రిలో కొంత చివరికి బంగ్లాదేశ్‌కు ఓడెక్కింది. తమ ఫైలు మాత్రం ఇప్పుడు తెరిచినా 'ఆప్టిమల్', అంటే ఇంతకంటే మంచి దారి లేదనే.

2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదింటికి తొమ్మిది నిమిషాలు లైట్లార్పమన్నప్పుడు డిమాండ్ 12 నుంచి 14 వేల మెగావాట్లు పడుతుందని దేశ గ్రిడ్ వాళ్లు లెక్కగట్టారు. పడింది 31,089. నిలబెట్టింది జలవిద్యుత్ యూనిట్లను నిమిషాల మీద దించి మళ్లీ ఎక్కించిన మనుషులు. తమ కొలువులో అలాంటి మనుషులకు కాలమ్ లేదు.

మార్కెట్ అంటే తమ దృష్టిలో ఎంతడిగితే అంత తూచిచ్చే కిరాణా కొట్టు. 2022 మార్చిలో కరెంటు కొనుగోలు-అమ్మకాల ఎక్స్‌చేంజిలో యూనిట్ 20 రూపాయలు తాకింది. ఏప్రిల్ 1న కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ 12 దగ్గర మూత పెట్టింది. రేటు దిగింది గానీ సరుకు దొరకలేదు. పది రోజులు తిరక్కుండా ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే వచ్చింది. తమ అంచనాకూ మేం కొన్నదానికీ ఉన్న తేడా ఎక్కడికీ పోదు. ట్రూ అప్ అని కొంత, ఇంధన సర్దుబాటు అని కొంత బిల్లు మీదికి వస్తుంది. 2023 నుంచి ఆంధ్రలో యూనిట్‌కు 40 పైసల దాకా రాష్ట్ర కమిషన్‌ను మళ్లీ అడగక్కర్లేకుండానే నెలనెలా వేసుకోనిచ్చారు. ఆ బిల్లు పట్టుకుని జనం కౌంటర్ దగ్గర తిట్టేది మా అకౌంట్స్ పిల్లని. తమ పేరు ఆ అమ్మాయికి తెలియదు, లేకపోతే చెప్పేదే.

ఇక అసలు విన్నపం. వచ్చే నెల కమిషన్ బహిరంగ విచారణకు కొత్త ప్రణాళిక సమర్పించాలి. ఫైలు జతచేశాను, పేరు 'ఫైనల్ రివైజ్డ్ 7'. రావాల్సిన జవాబు రెండో షీట్‌లో ఉంది. మొదటి షీట్ ఇంకా ఖాళీ. కుర్రాడు శుక్రవారం వచ్చి నింపుతానన్నాడు.

ఇట్లు
తమ విధేయుడు