క్యాంప్ ముగిశాక ఆ పన్ను ఎవరిది?

డెంటల్ కాలేజీల్లో సేవ అనగానే అందరికీ గుర్తొచ్చేది క్యాంపే. స్కూల్ వరండాలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ట్రే నిండా మౌత్ మిర్రర్లు, తలకు లైటు కట్టుకున్న ఇంటర్న్, పక్కన చార్ట్ పట్టుకున్న జూనియర్. పిల్లాడు నోరు తెరుస్తాడు. "ఎనభై అయిదు క్యారీస్, నలభై ఆరు క్యారీస్" అని ఇంటర్న్ పళ్ల నంబర్లూ పుచ్చులూ (క్యారీస్ అంటే పుచ్చు) చెబుతుంటే జూనియర్ గడులు నింపుతుంటాడు. ఎనభై అయిదు అంటే కింది దవడలో కుడివైపు చివరి పాలపన్ను, ఎప్పటికైనా ఊడేదే. నలభై ఆరు అలా కాదు, ఆరేళ్ల వయసులో వచ్చి జన్మంతా నమలాల్సిన దవడ పన్ను. పాలపన్ను పక్కన చిగురు మీద అప్పటికే చిన్న చీము పొక్కు కనిపిస్తోంది. ఇంటర్న్ దాన్ని చూశాడు, రాయించాడు, "అమ్మానాన్నలతో కాలేజీకి రా" అని చేతిలో చీటీ పెట్టాడు. అంతే, తర్వాతి పిల్లాడు.

ఆ చీటీ ఏమైంది? నాకు తెలిసి క్యాంప్ రిపోర్టులో ఎవరూ రాయని విషయం ఇదొక్కటే. ఎంతమందిని చూశారు, ఎన్ని బ్రష్షులు పంచారు, ముఖ్య అతిథి ఎవరు... అన్నీ ఉంటాయి. నలుగురు విద్యార్థులు మూడు గంటల్లో 300 మంది పిల్లల్ని చూశారనుకుందాం, లెక్కేస్తే ఒక్కొక్కరికీ రెండున్నర నిమిషాలు కూడా రావు. ఆ తలల లెక్కే సేవ కింద జమ అవుతుంది, అతిథిని పిలిచి, బస్సు మాట్లాడి, మైకు పట్టుకున్నవాడికి లీడర్‌షిప్ సర్టిఫికెట్ దక్కుతుంది. ఆ పనీ చిన్నదేం కాదు, కాదనను. కానీ అది ఈవెంట్ మేనేజ్‌మెంట్, దాన్ని డెంటల్ లీడర్‌షిప్ అనడమే నాకు మింగుడుపడదు.

పళ్లు పుచ్చాయని చెప్పేవాళ్లు లేక కాదు ఈ సమస్య ఇంత పెరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం నోటి జబ్బులున్నవాళ్లు దాదాపు 350 కోట్ల మంది, పాలపళ్లు పుచ్చిన పిల్లలే 51 కోట్లకు పైగా. వీళ్లలో చాలామందికి తమ పన్ను పుచ్చిందని తెలుసు, రాత్రుళ్లు నొప్పి చెబుతూనే ఉంటుంది. దొరకనిది చికిత్స. 2007లో అమెరికాలోని మేరీల్యాండ్‌లో 12 ఏళ్ల పిల్లాడు పిప్పి పన్ను నుంచి ఇన్ఫెక్షన్ మెదడుకు పాకి చనిపోయాడు. పన్ను తీసేస్తే సరిపోయే జబ్బు. డాక్టర్లకు కొదవలేని దేశంలో ఆ కుటుంబానికి పళ్ల డాక్టర్ దొరకలేదు.

"క్యాంపులో డెంటల్ చైర్ ఉండదు, కరెంటు ఉండదు, చూడటం తప్ప ఏం చేస్తాం" అనే మాట ఇప్పుడు చెల్లదు. డ్రిల్లు లేకుండా చేతి పనిముట్లతోనే పుచ్చిన మెత్తని భాగాన్ని గీకేసి గ్లాస్ అయనమర్ అనే సిమెంటుతో పూడ్చే ఏఆర్‌టీ (అట్రామాటిక్ రెస్టొరేటివ్ ట్రీట్‌మెంట్) పద్ధతి 1980ల మధ్యలోనే టాంజానియాలో మొదలైంది. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే ద్రవ మందు అయితే ఇంకా తేలిక, పుచ్చు మీద చుక్క రాస్తే చాలాసార్లు అది అక్కడితో ఆగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. (రాసిన చోట పుచ్చు నల్లగా మారి అలాగే ఉండిపోతుంది. ఆ సంగతి ముందే చెప్పకుండా రాసిన విద్యార్థికి మర్నాడు ఆ పిల్లాడి తల్లి చేతిలో జరిగే క్లాసు ఏ సిలబస్‌లోనూ లేదు.) ఇవి అన్ని పళ్లకూ పనికిరావు, చీము పట్టిన ఆ ఎనభై అయిదుకు అసలే పనికిరావు. కానీ నలభై ఆరుకు పనికొచ్చేవేమో! ప్రయత్నించి చూసుంటే కదా.

అసలు చిక్కు కాలేజీ లోపలే ఉంది. పాస్ కావాలంటే ఇన్ని ఫిల్లింగులు, ఇన్ని రూట్ కెనాల్స్, ఇన్ని కట్టుడు పళ్ల సెట్లు పూర్తి చేయాలని కోటా ఉంటుంది. పరీక్షలు దగ్గరపడే కొద్దీ టెన్షన్ పెరిగి, మనిషి పోయి కేసు మిగులుతుంది: "నీ దగ్గర క్లాస్ టూ (రెండు దవడ పళ్ల మధ్య పుచ్చు) ఉందా? నాకిస్తావా?" ఆ కుర్చీలో కూర్చున్న పెద్దాయనకు నాలుగు పళ్లలో సమస్య ఉన్నా, విద్యార్థికి కావాల్సిన ఒక్క పన్నే పూర్తవుతుంది, మిగతా మూడూ ఎవరి లెక్కలోనూ ఉండవు. చేతికి పని రావాలంటే సంఖ్య కావాలి, అది ఒప్పుకుంటాను. కానీ నాలుగేళ్లు మనిషిని ముక్కలుగా చూడటం అలవాటు చేసి, ఏడాదికి రెండు క్యాంపులతో సేవాభావం నేర్పేశామనుకుంటే ఎలా?

వేరే దారి వెతికినవాళ్లు లేకపోలేదు. 2001లో అమెరికాలో రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ సాయంతో కొన్ని డెంటల్ స్కూళ్లు 'పైప్‌లైన్' అనే కార్యక్రమం మొదలుపెట్టాయి. చివరి ఏడాది విద్యార్థులు దాదాపు 60 రోజులు కమ్యూనిటీ క్లినిక్‌లలో పనిచేయాలన్నది అందులో ఒక లక్ష్యం. ఒక్కపూట క్యాంపుకీ 60 రోజులకీ తేడా ఏమిటంటే, అన్ని రోజులుంటే మీరు వేసిన ఫిల్లింగ్ ఊడిపోయి మీ దగ్గరకే వస్తుంది. ఎందుకు ఊడిందో ఆ మనిషి ముందే నిలబడి చెప్పాలి. క్యాంపులో ఆ ఇబ్బంది లేదు, మనం బస్సెక్కేస్తాం.

ఇంకో మాట, డెంటిస్టులకు నచ్చకపోవచ్చు. న్యూజిలాండ్ 1921లోనే స్కూల్ పిల్లల పళ్లు చూడటానికి డెంటల్ నర్సులకు శిక్షణ మొదలుపెట్టింది, పాలపళ్ల ఫిల్లింగులు వాళ్లే చేసేవాళ్లు. డాక్టర్ చేయాల్సిన పని ఇంకొకరికి నేర్పి, పర్యవేక్షిస్తూ, అవసరమైనప్పుడే చేయి వేయడం కూడా నాయకత్వమే. కాలేజీలో ఇది నేర్పేది చాలా తక్కువ. అసిస్టెంట్ పేరు కూడా తెలియకుండా డిగ్రీ పట్టా పుచ్చుకున్నవాళ్లను చూశాను.

క్యాంపు తర్వాత చీటీల నకళ్లు చెత్తబుట్టలో వేయకుండా నోట్‌బుక్‌లో ఎక్కించుకున్న ఒక ఫైనలియర్ అమ్మాయిని కూడా చూశాను. ఏ పదవీ లేదు. సాయంత్రాలు ఒక్కొక్క నంబరుకీ ఫోన్ చేసేది. ఎక్కువమంది చెప్పింది ఒకటే: "మీ ఓపీ టైముకి మేం పనిలో ఉంటాం తల్లీ." పిల్లాడు చీటీ పారేశాడనో, తల్లిదండ్రులకు అవగాహన లేదనో అప్పటిదాకా అందరం అనుకున్నాం. వారానికి ఒక సాయంత్రం రెండు చైర్లు తెరిచి ఉంచండని డిపార్ట్‌మెంట్ చుట్టూ తిరిగితే, అనుమతి రావడానికి నెల పైనే పట్టింది. తర్వాత వచ్చినవాళ్ల పేర్ల పక్కన టిక్కులు పెట్టుకుంటూ పోయింది. ఆ ఏడాది లీడర్‌షిప్ సర్టిఫికెట్ మైకు పట్టుకున్న అబ్బాయికే ఇచ్చారు. ఆమె హౌస్ సర్జన్సీ అయిపోయి వెళ్లేటప్పుడు నోట్‌బుక్ జూనియర్ చేతికిచ్చింది, ఫోన్ ఎత్తని నంబర్ల కింద గీత గీసి మరీ.